కరెంటు పోయి వచ్చాక లేవని సిస్టమ్: ఒక కేసు మొదటి నుంచి చివరి దాకా

"సార్, సిస్టమ్ అసలు లేవట్లేదు. బటన్ నొక్కితే లైటు కూడా రావట్లేదు. ఇంకో మూడు రోజుల్లో లెక్కలు అప్పజెప్పాలి. మొత్తం అందులోనే ఉంది."

ఒక చిన్న ఆఫీసులో లెక్కలు చూసే ఆవిడ ఫోన్ అది. గొంతు వింటేనే ఎంత టెన్షన్ పడుతున్నారో తెలిసిపోతోంది. ఇక బటన్ నొక్కొద్దని, ప్లగ్గు పీకేసి సిస్టమ్‌తో పాటు యూపీఎస్‌ని కూడా తీసుకురమ్మని చెప్పాను. నేను రిపేరు పనిలోకి వచ్చి 14 ఏళ్లయింది. కరెంటు పోయి వచ్చాక మొరాయించిన సిస్టమ్‌లు చాలానే చూశాను. వాటిలో ఈ కేసునే పూర్తిగా రాయడానికి కారణం ఉంది. ఇందులో కరెంటు పోవడం వల్ల కొత్తగా చెడిపోయింది చాలా తక్కువ. ఎప్పటినుంచో లోపల అరిగిపోయి, కరెంటు ఉన్నంతకాలం కనబడకుండా ఉన్నవే ఒకదాని వెనక ఒకటి బయటపడ్డాయి. మధ్యలో ఎక్కడ తొందరపడినా ఆవిడ డేటా పోయేది.

సిస్టమ్ వచ్చాక వెంటనే స్క్రూడ్రైవర్ పట్టుకోలేదు. ముందు ఏం జరిగిందో అడిగాను. ఆవిడ ఎంట్రీలు కొడుతుండగా లైట్లు ఒక్కసారి మసకబారాయట. కరెంటు పోయింది, రెండు సెకన్లలో వచ్చింది, మళ్లీ పోయింది, అలా మూడుసార్లు. యూపీఎస్ ఒక్కసారి కీచుమని ఆగిపోయింది. సిస్టమ్ మొదటి దెబ్బకే ఆఫ్ అయింది. ఆ తర్వాత పక్క సీటాయన బటన్ చాలాసార్లు నొక్కి చూశారు, పవర్ కేబుల్ మార్చి చూశారు. ఇంకొకరు "ఫార్మాట్ కొడితే వచ్చేస్తుంది" అన్నారట. అదృష్టవశాత్తూ అది ఎవరూ చేయలేదు. లైటే రాని సిస్టమ్ విండోస్ దాకా వెళ్లనే లేదు. విండోస్‌ని తుడిచి మళ్లీ ఎక్కిస్తే దానికి వచ్చే లాభం ఏముంది?

ఇంకో ప్రశ్న కూడా అడిగాను. "రాత్రి వెళ్లేటప్పుడు ప్లగ్గు దగ్గర స్విచ్ ఆపుతారా?" ఆవిడ కొంచెం ఆలోచించి, "లేదు సార్, షట్‌డౌన్ చేస్తాం అంతే. యూపీఎస్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది. ఈ ఆరేళ్లలో స్విచ్ ఆపినట్టు గుర్తే లేదు" అన్నారు. ఆ మాటని కాగితం మీద రాసుకున్నాను కానీ, దాని విలువ అప్పుడు నాకు పూర్తిగా తెలియలేదు.

లేవని సిస్టమ్ ఏదైనా సరే, నేను చూసేది అది ఏ మెట్టు దగ్గర ఆగిందన్నదే. అసలు లైటే రాకపోవడం ఒక మెట్టు. ఫ్యాను తిరిగి స్క్రీన్ రాకపోవడం ఇంకొకటి. స్క్రీన్ వచ్చి విండోస్ ఎక్కకపోవడం మరొకటి. విండోస్ ఎక్కినా ఫైలు తెరుచుకోకపోవడం చివరిది. ఒక మెట్టు మీద ఆగిన సిస్టమ్‌కి పై మెట్టు మందు వేస్తే ఉన్న జబ్బు తగ్గదు సరికదా, కొత్తది తగులుకుంటుంది. ఈ సిస్టమ్ మాత్రం ఒక మెట్టుతో సరిపెట్టలేదు. మూడు చోట్ల ఆగింది.

లైటు కూడా రాని దశ

యూపీఎస్‌ని పక్కన పెట్టి, నా బెంచి మీద గోడ సాకెట్ నుంచే నేరుగా కనెక్షన్ ఇచ్చాను. కేబుల్ మంచిదే, వెనక చిన్న స్విచ్ ఆన్‌లోనే ఉంది. కేసు మూత తీసి చూస్తే మదర్‌బోర్డు మీద స్టాండ్‌బై లైటు వెలగడం లేదు. ఇక్కడితోనే సగం దారి తెలిసిపోయింది.

షట్‌డౌన్ చేసిన తర్వాత కూడా కొన్ని సిస్టమ్‌లలో మౌస్ అడుగున ఎర్ర లైటు వెలుగుతూనే ఉంటుంది, గమనించే ఉంటారు. అది స్టాండ్‌బై 5 వోల్టుల పుణ్యం. ప్లగ్గులో కరెంటు ఉన్నంతసేపూ ఎస్‌ఎంపీఎస్‌లోని (గోడ కరెంటుని కంప్యూటర్‌కి కావలసిన తక్కువ వోల్టులుగా మార్చే పవర్ సప్లయి డబ్బాలోని) ఒక చిన్న భాగం నిద్రపోకుండా ఈ 5 వోల్టులు ఇస్తూనే ఉంటుంది. పవర్ బటన్ నొక్కినట్టు బోర్డుకి తెలియాలన్నా, పెద్ద సప్లయిని లేపాలన్నా ముందు ఇది ఉండాలి. ఇది లేకపోతే బటన్ ఎన్నిసార్లు నొక్కినా వినేవాళ్లు లేరు.

24 పిన్నుల కనెక్టర్‌లో ఊదా రంగు వైరు దీనిది. మల్టీమీటర్‌ని డీసీ 20 వోల్టుల రేంజిలో పెట్టి, నల్ల ప్రోబ్‌ని నల్ల వైరుకి, ఎర్ర ప్రోబ్‌ని ఊదా వైరు వెనక సందులోకి దూర్చాను. 4.75 నుంచి 5.25 లోపు ఉండాలి. మీటరు మీద 1.7 కనిపించింది. వెంటనే 2.1, మళ్లీ 1.6. అంకె ఒక చోట నిలవడం లేదు, ఊపిరి తీసుకుంటున్నట్టు పైకీ కిందకీ ఆడుతోంది. చెవి దగ్గర పెడితే లోపల నుంచి చాలా సన్నగా టిక్, టిక్, టిక్.

ఇలా ఆడుతున్నప్పుడు తప్పు ఎస్‌ఎంపీఎస్‌దే అని వెంటనే తేల్చకూడదు. బోర్డులో ఎక్కడైనా షార్ట్ ఉండి అది సప్లయిని కిందికి లాగుతున్నా రీడింగ్ ఇలాగే ఉంటుంది. అందుకే ప్లగ్గు తీసి, 24 పిన్నుల కనెక్టర్‌ని, సీపీయూ దగ్గరి కనెక్టర్‌ని, డిస్కుల కేబుళ్లని అన్నిటినీ పీకేసి, ఎస్‌ఎంపీఎస్‌ని ఒంటరిగా పెట్టి మళ్లీ కొలిచాను. అదే ఆట. అంటే బోర్డు ప్రమేయం లేదు.

ఇంకో చిన్న ప్రయత్నం మిగిలింది. కరెంటు ఎగుడుదిగుడు అయినప్పుడు కొన్ని ఎస్‌ఎంపీఎస్‌లు రక్షణ కోసం తమని తాము ఆపేసుకుంటాయి. ప్లగ్గు తీసేసి, కొన్ని నిమిషాలు వదిలేసి, లోపలి చార్జి దిగిపోయాక మళ్లీ పెడితే మామూలుగా లేస్తాయి. ఇంట్లో ఎవరైనా భయం లేకుండా చేయదగ్గ పని ఇది. దీంతోనే లేచి కూర్చున్న సిస్టమ్‌లు నా చేతుల్లోనే ఎన్నో ఉన్నాయి. దీనికి పావుగంట సమయం ఇచ్చాను. లేవలేదు.

ఆకుపచ్చ వైరుని నల్ల వైరుకి తగిలించి ఫ్యాను తిరుగుతుందా అని చూసే పద్ధతి చాలామందికి తెలుసు. స్టాండ్‌బై వోల్టేజీ లేనప్పుడు ఆ పరీక్షకి అర్థం లేదు. పెద్ద సప్లయిని నడిపించే సర్క్యూట్‌కి తిండి పెట్టేది కూడా ఆ స్టాండ్‌బైయే. పైగా ఫ్యాను తిరిగినంత మాత్రాన వోల్టేజీలు సరిగా ఉన్నాయనీ కాదు, లోడు పడితే నిలుస్తాయనీ కాదు.

సప్లయి పోయిందని తేలింది కాబట్టి నా టెస్ట్ సప్లయి తగిలించి చూడటమే తరువాయి అనిపిస్తుంది. నేను ముందు మీటరు తీసుకుని, సీపీయూ దగ్గరి 12 వోల్టుల సాకెట్‌లో పసుపు వైరు వచ్చే పిన్నుకీ గ్రౌండుకీ మధ్య రెసిస్టెన్స్ చూస్తాను. పాత సప్లయి పోతూ పోతూ బోర్డు మీద ఏ మాస్‌ఫెట్‌నైనా (కరెంటుని స్విచ్‌లా ఆన్, ఆఫ్ చేసే చిన్న భాగాన్ని) కాల్చి ఉంటే అక్కడ మీటరు సున్నా దగ్గర అతుక్కుపోతుంది. అలాంటి బోర్డుకి మంచి సప్లయి తగిలిస్తే ప్రాసెసర్‌కి కూడా ముప్పే. ఇక్కడ బీప్ రాలేదు. కెపాసిటర్లు నిండుతున్న కొద్దీ రీడింగ్ మెల్లగా పెరుగుతూ పోయింది, మంచి లక్షణం. కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లకి ఒక మాట: ప్రాసెసర్ చుట్టూ ఉండే కాయిళ్ల మీద కొలిస్తే రీడింగ్ చాలా తక్కువ వస్తుంది, మీటరు బీప్ కూడా అనవచ్చు. అది ప్రాసెసర్ సహజమైన రెసిస్టెన్స్. దాన్ని చూసి షార్ట్ అనుకుని బోర్డుని పారేసినవాళ్లు ఉన్నారు.

ఆన్ చేసే ముందు ఇంకొక పని చేశాను. కేసులో రెండు డిస్కులు ఉన్నాయి. విండోస్ ఉన్నది ఎస్‌ఎస్‌డీ, లెక్కల డేటా ఉన్నది 1 టీబీ హార్డ్ డిస్క్. హార్డ్ డిస్క్‌కి వెళ్లే రెండు కేబుళ్లూ తీసేశాను. సిస్టమ్ ఎలా ప్రవర్తిస్తుందో తెలియని స్థితిలో డేటా ఉన్న డిస్క్‌ని దానికి తగిలించి ఉంచను. దానికి తర్వాత వస్తాను.

టెస్ట్ సప్లయి తగిలించగానే బోర్డు మీద లైటు వెలిగింది. ఊదా వైరు మీద 5.08. బటన్ నొక్కాను, ఫ్యాను తిరిగింది, స్క్రీన్ వచ్చింది. పక్కనే నిలబడి ఉన్న ఆవిడ "అమ్మయ్య" అన్నారు. ఆ సంతోషం నిమిషం కూడా నిలవలేదు.

తేదీ చెప్పిన సంగతి

స్క్రీన్ మీద విండోస్ రాలేదు. నల్లటి తెర మీద సీమోస్ చెక్‌సమ్ ఎర్రర్ (బోర్డు సెట్టింగుల మెమరీలో ఉన్నది సరిపోలడం లేదని), తేదీ సమయం సెట్ చేయలేదు, ముందుకి వెళ్లాలంటే ఎఫ్1 నొక్కండి అన్న మెసేజ్. బయాస్‌లోకి (విండోస్ కన్నా ముందే లేచే, బోర్డు సొంత సెట్టింగుల ప్రోగ్రామ్‌లోకి) వెళ్లి చూస్తే తేదీ జనవరి 1, సంవత్సరం ఆ బోర్డు తయారైన కాలానిది. అంటే బోర్డు తన సెట్టింగులన్నీ మర్చిపోయి, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజుకి వెళ్లిపోయింది.

బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే బ్యాటరీ తీసి కొలిచాను. 3 వోల్టులు ఉండాల్సినచోట 1.2. దాని పేరు సీఆర్2032. ఆ పేరులోనే కొలత ఉంది, 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. గడియారాన్ని నడిపే 32,768 హెర్ట్జ్ క్రిస్టల్‌కీ, బయాస్ సెట్టింగులు గుర్తుపెట్టుకునే చిన్న మెమరీకీ ఇదే ఆధారం. అయితే ప్లగ్గులో కరెంటు ఉన్నంతకాలం బోర్డు ఈ బ్యాటరీని దాదాపు వాడుకోదు. ఆ స్టాండ్‌బై సప్లయి నుంచే గడియారానికి కూడా కరెంటు తీసుకుంటుంది. బ్యాటరీ ఎప్పుడు చచ్చిపోయిందో ఎవరికీ తెలియదు, ఎందుకంటే దాని అవసరమే రాలేదు.

అప్పుడు ఆవిడ చెప్పిన మాట గుర్తొచ్చింది. ఆరేళ్లుగా స్విచ్ ఆపలేదు. నా కాగితం తీసి ఆ లైను కింద గీత గీశాను.

కొత్త బ్యాటరీ వేసి, తేదీ సెట్ చేసి, సేవ్ చేసి రీస్టార్ట్ ఇచ్చాను. విండోస్ గుర్తు కనిపించింది, చుక్కలు తిరిగాయి, ఆ వెంటనే నీలం తెర. ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్, అంటే విండోస్ లేవాల్సిన డిస్క్ అందడం లేదని. ఆవిడ ముఖం వాడిపోయింది. "పోయిందా సార్?" అన్నారు.

ఇది ఈ కేసులో అన్నిటికంటే ప్రమాదమైన చోటు. ఇలాంటి నీలం తెర రెండు మూడుసార్లు వస్తే విండోస్ తనంతట తానే రిపేర్ మెనూ చూపిస్తుంది. రిపేర్ చేయలేకపోయానంటుంది, ఆ మెనూలోనే రీసెట్ చేయడానికి దారి కూడా చూపిస్తుంది. చూసేవాళ్లకి విండోస్ పాడైపోయిందనే అనిపిస్తుంది. బాగున్న విండోస్‌ని ఎందరో ఇక్కడే తుడిచేస్తారు. నేను మొదటి నీలం తెర దగ్గరే ఆఫ్ చేశాను.

ఆలోచిస్తే లాజిక్ సులువే. నిన్న కరెంటు పోయే దాకా ఇదే విండోస్ నడిచింది. నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య ఖచ్చితంగా మారిందని నాకు తెలిసినది ఒక్కటే, బయాస్ సెట్టింగులు. మరి ఆ సెట్టింగుల్లో డిస్క్‌కి సంబంధించినది ఏది? "ఈ ఎస్‌ఎస్‌డీ సిస్టమ్‌తోనే వచ్చిందా, తర్వాత వేయించారా?" అని అడిగాను. రెండేళ్ల క్రితం స్లో అయిందని ఎవరో వచ్చి వేశారట. అప్పుడు వేసినాయన బయాస్‌లో శాటా మోడ్‌ని (బోర్డు డిస్క్‌తో మాట్లాడే పద్ధతిని) ఏహెచ్‌సీఐకి మార్చి విండోస్ ఎక్కించి ఉంటాడు. ఈ బోర్డు ఫ్యాక్టరీ సెట్టింగ్ రెయిడ్ అనే ఇంకో పద్ధతి. చచ్చిన బ్యాటరీతో ఉన్న బోర్డుకి కరెంటు కూడా పోగానే అది మళ్లీ రెయిడ్‌కి వెళ్లిపోయింది. ఏహెచ్‌సీఐ డ్రైవర్‌తో లేవడానికి సిద్ధంగా ఉన్న విండోస్‌కి తన డిస్క్ తనకే కనబడలేదు.

బయాస్‌లోకి వెళ్లి చూస్తే అనుకున్నట్టే రెయిడ్ అని ఉంది. ఏహెచ్‌సీఐకి మార్చాను. నలభై సెకన్లలో డెస్క్‌టాప్ వచ్చేసింది, ఆవిడ పెట్టుకున్న వాల్‌పేపర్‌తో సహా.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పకుండా వదల్లేను. సిస్టమ్ లేవకపోతే సీమోస్ బ్యాటరీ తీసి పెట్టమని, జంపర్‌తో (బోర్డు మీది రెండు పిన్నులని కలిపి) సెట్టింగులు చెరిపేయమని సలహా ఇవ్వడం మామూలే, చాలాసార్లు పనిచేస్తుంది కూడా. కానీ ముందు ఆ బయాస్‌లోకి వెళ్లగలిగితే శాటా మోడ్, బూట్ మోడ్ ఉన్న పేజీలని ఫోన్‌తో ఫోటో తీసుకోండి. డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి (కీ లేకుండా చదవలేనట్టు తాళం పడి) ఉంటే సెట్టింగులు మారగానే విండోస్ 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. కీ ఎక్కడుందో తెలియకపోతే చేతిలో ఆరోగ్యంగా ఉన్న డిస్క్ ఉండీ డేటా చేతికి రాదు. ఆ బాధ ఒకరి ముఖంలో చూశాను, మళ్లీ చూడాలని లేదు.

ఎస్‌ఎస్‌డీ ఆరోగ్యం చూశాను. అనుకోకుండా పవర్ పోయిన లెక్క పెరిగింది తప్ప ఇంకేం తేడా లేదు. మామూలు ఎస్‌ఎస్‌డీల్లో కరెంటు పోయినప్పుడు ఆదుకునే కెపాసిటర్లు సాధారణంగా ఉండవు. అప్పుడప్పుడు కరెంటు దెబ్బ తర్వాత ఎస్‌ఎస్‌డీ బయాస్‌లో కనబడకుండా పోతుంది. అలాంటప్పుడు డేటా కేబుల్ తీసేసి, పవర్ కేబుల్ ఒక్కటే ఉంచి అరగంట వదిలేస్తే లోపలి పట్టికలని అది తనే సరిచేసుకుని తిరిగొచ్చిన సందర్భాలున్నాయి. దీనికి ఆ అవసరం రాలేదు.

డేటా డిస్క్

చాలా ఏళ్ల క్రితం ఒక డిస్క్ విషయంలో నేను చేసిన తప్పు ఇప్పటికీ నన్ను వదల్లేదు. కరెంటు పోయి వచ్చాక ఒక ఫోల్డర్ తెరుచుకోవట్లేదని తెచ్చారు. డిస్క్ ఎలా ఉందో చూడకుండా నేరుగా దాని మీదే చెక్‌డిస్క్ (డిస్క్‌లో తప్పులు వెతికి సరిచేసే విండోస్ ప్రోగ్రామ్) నడిపాను. బలహీనంగా ఉన్న డిస్క్ అది. గంటల తరబడి చదివించి, రాయించి దాన్ని పూర్తిగా పడగొట్టాను. ఆ కుటుంబం ఫోటోలు తిరిగి రాలేదు. అప్పటి నుంచి నా దగ్గర మార్చని పద్ధతి ఒకటుంది. ముందు కాపీ, ఆ తర్వాతే రిపేరు. రిపేరు కూడా కాపీ మీదే.

అందుకే ఆవిడ హార్డ్ డిస్క్‌ని తిరిగి వాళ్ల సిస్టమ్‌కి పెట్టలేదు. పెడితే విండోస్ లేస్తూనే దాని మీద చెక్‌డిస్క్ మొదలుపెట్టేయవచ్చు. లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో నడిచే నా బెంచి సిస్టమ్‌కి, దానంతట అది మౌంట్ కాకుండా (సిస్టమ్ దాన్ని తెరిచి ఏమీ రాయకుండా) చూసుకుని తగిలించాను. తిరగడం మొదలుపెట్టిన శబ్దం మామూలుగానే ఉంది, టకటకలు లేవు. హార్డ్ డిస్క్ తయారుచేసినవాళ్లు ఇందులో ఒక మంచి ఏర్పాటు పెట్టారు. కరెంటు హఠాత్తుగా పోతే, ఇంకా తిరుగుతున్న పళ్లాల (డేటా ఉండే గుండ్రటి రేకుల) ఊపునే జనరేటర్‌లా వాడుకుని, ఆ కాస్త కరెంటుతో డేటా చదివి రాసే హెడ్లని సురక్షితమైన చోటికి చేర్చేస్తుంది. హెడ్లు గీసుకుపోకుండా కాపాడేది అదే. రాస్తున్న డేటా సంగతి వేరు.

స్మార్ట్ రిపోర్టులో (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలో) మార్చేసిన సెక్టార్లు, అంటే పాడై వేరేవాటితో భర్తీ చేసిన డేటా గడులు, 0; పెండింగ్ సెక్టార్లు, అంటే ప్రస్తుతం చదవలేకపోతున్నవి, 8. ఆ 8 చూసి నాకు భయం కన్నా ఊరటే ఎక్కువ కలిగింది. ఈ డిస్క్‌లో ఒక్కో అసలు సెక్టారు 4,096 బైట్లు, లెక్క మాత్రం 512 బైట్ల చొప్పున చెబుతుంది. అంటే 8 అని చూపిస్తున్నది నిజానికి ఒకే ఒక్క సెక్టారు కావడానికే అవకాశం ఎక్కువ. రాస్తుండగా కరెంటు పోతే సెక్టారు సగమే పడుతుంది, దాని చివర ఉండే సరిచూసే కోడ్‌తో లోపలి డేటా కలవదు, డిస్క్ దాన్ని చదవలేనంటుంది. పళ్లెం పాడైపోయిందని అర్థం కాదు.

డీడీరెస్క్యూ అనే కాపీ ప్రోగ్రామ్‌తో మొత్తం డిస్క్‌ని ఇంకో డిస్క్ మీదకి కాపీ పెట్టాను. ముందు సులువుగా చదవగలిగినదంతా తీసేసుకుని, మొండికేసిన చోట్లని చివరికి వదిలేయడం దీని పద్ధతి. సుమారు మూడు గంటలు పట్టింది. ఆవిడని ఇంటికి వెళ్లమన్నా వెళ్లలేదు, ఆ శాతం అంకెని చూస్తూ కూర్చున్నారు. చివరికి 4,096 బైట్లు మాత్రమే రాలేదు. 1 టీబీలో అంతే.

కాపీ మీద చెక్‌డిస్క్ నడిపితే రెండు మూడు తాత్కాలిక ఫైళ్ల ఎంట్రీలు సరిచేసింది. చాలామంది అనుకునేది ఒకటుంది, విండోస్ ఫైళ్లని అమర్చే పద్ధతి అయిన ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో జర్నల్ (మార్పులని ముందే రాసుకునే చిట్టా) ఉంది కాబట్టి కరెంటు పోయినా ఫైళ్లకి ఏమీ కాదని. ఆ జర్నల్ కాపాడేది ఫోల్డర్ల పట్టికని, ఫైలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందన్న లెక్కని. ఫైలు లోపల ఆ క్షణాన రాస్తున్న అక్షరాలని కాదు. అందుకే పేరు, సైజు అన్నీ సరిగ్గా కనబడుతూ తెరిస్తే చెత్త వచ్చే ఫైళ్లు కనిపిస్తుంటాయి.

చదవలేకపోయిన ఆ సెక్టారు ఏ ఫైలులో ఉందో వెతికాను. నా గుండె కూడా కొంచెం వేగంగానే కొట్టుకుంది, ఎందుకంటే ఆ సమయంలో రాస్తున్నది లెక్కల సాఫ్ట్‌వేరే. అది ఇండెక్స్ ఫైలులో (ఎంట్రీలని త్వరగా వెతకడానికి వాడే సూచికలో) పడింది. అసలు ఎంట్రీలు వేరే ఫైలులో ఉన్నాయి, అవి చెక్కుచెదరలేదు. ఇండెక్స్‌ని డేటా నుంచి మళ్లీ కట్టుకునే ఏర్పాటు ఆ సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. కాపీ ఫోల్డర్‌కి ఇంకో కాపీ తీసి, దాని మీద ఆ పని చేయించి, ఆవిడని సరిచూడమన్నాను. బిల్లులు ముందేసుకుని ఒక్కొక్కటీ టిక్ పెట్టుకుంటూ వచ్చారు. చివరి ఏడు ఎంట్రీలు లేవు. అవి సేవ్ కాకముందే కరెంటు పోయిందన్నమాట. "ఏడే కదా సార్, పది నిమిషాల పని" అన్నారు, కళ్లు తుడుచుకుంటూ.

పాత హార్డ్ డిస్క్‌లో ఆ సెక్టారు మీద సున్నాలు రాసి, మొత్తం డిస్క్‌ని మళ్లీ ఒకసారి చదివించాను. పెండింగ్ 0 అయింది, మార్చేసిన సెక్టార్లు 0 గానే ఉన్నాయి. డిస్క్ బాగుందని తేలినట్టే. అయినా ఆరేళ్ల డిస్క్ కాబట్టి దాన్ని రెండో బ్యాకప్‌కి మాత్రమే వాడమని, పని కొత్త డిస్క్ మీద చేసుకోమని చెప్పాను.

యూపీఎస్, పాత ఎస్‌ఎంపీఎస్

యూపీఎస్ లోపల ఉన్నది 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీ. ఊరికే కొలిస్తే 12.6 చూపించింది, ఎవరైనా బాగుందనే అంటారు. ఒక బల్బు లోడు పెట్టగానే 9 కిందకి జారిపోయింది. ఇలాంటి బ్యాటరీలు మూడు నుంచి ఐదేళ్లు నిలవడమే ఎక్కువ, దీనికి ఆరేళ్లు. కరెంటు పోగానే యూపీఎస్ బ్యాటరీ మీదకి మారడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. మంచి ఎస్‌ఎంపీఎస్ ఎక్కువ లోడు మీద కూడా 16, 17 మిల్లీసెకన్ల పాటు తన పెద్ద కెపాసిటర్‌లోని నిల్వతో నెట్టుకురావాలి. ఆ రెండూ సరిగా ఉంటే కరెంటు పోయిన సంగతి కంప్యూటర్‌కి తెలియను కూడా తెలియదు. ఇక్కడ బ్యాటరీయే చేతులెత్తేసింది.

ఎస్‌ఎంపీఎస్‌ని వారం తర్వాత తీరిక చూసుకుని విప్పాను. దయచేసి ఇంట్లో ఎవరూ ఈ పని చేయకండి. 230 వోల్టుల లైను మీద లోపలి పెద్ద కెపాసిటర్‌లో 325 వోల్టుల దాకా చార్జి ఉంటుంది, కొన్ని రకాల్లో 400కి దగ్గరగా కూడా ఉంటుంది. ప్లగ్గు తీసినా అది వెంటనే పోదు. నేను దాన్ని రెసిస్టర్‌తో దించి, మీటరుతో చూసుకుని, ఆ తర్వాతే చేయి పెట్టాను.

ఉబ్బిన కెపాసిటర్ కోసం చూస్తే ఒక్కటీ లేదు. స్టాండ్‌బై సర్క్యూట్‌లో, హీట్‌సింక్‌కి (వేడిని లాగే రేకుకి) ఆనుకుని, చిటికెన వేలి గోరంత ఒక చిన్న కెపాసిటర్ ఉంది. పైన చదునుగా, చూడటానికి నిక్షేపంలా ఉంది. హీట్‌సింక్ వైపు ఉన్న తొడుగు మాత్రం గోధుమ రంగుకి తిరిగింది. ఊడదీసి కొలిచాను. దాని మీద రాసి ఉన్నది 22 మైక్రోఫారడ్లు, మీటరు చూపింది 3.

దీని పని చిన్నదే. ప్లగ్గు పెట్టగానే ఒక పెద్ద రెసిస్టర్ ద్వారా మెల్లగా నిండి, స్టాండ్‌బై చిప్‌ని లేపడానికి కావలసిన మొదటి ఊపు ఇవ్వాలి. చిప్ ఒకసారి లేచాక ట్రాన్స్‌ఫార్మర్ నుంచే తన తిండి తాను తెచ్చుకుంటుంది, ఈ కెపాసిటర్ మీద పెద్దగా ఆధారపడదు. దీని శక్తి తగ్గిపోతే చిప్ లేస్తుంది, నిలదొక్కుకునేలోపే నిల్వ అయిపోయి పడిపోతుంది, కెపాసిటర్ మళ్లీ నిండుతుంది, చిప్ మళ్లీ లేస్తుంది. నేను విన్న టిక్ టిక్, మీటరు మీద ఆడిన అంకె అదే. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్‌కి ప్రతి 10 డిగ్రీల అదనపు వేడికి ఆయుష్షు సుమారుగా సగం అవుతుంది. ఇది ఆరేళ్లు, రోజుకి 24 గంటలు, వేడి రేకు పక్కన నిలబడింది. ఎప్పుడో రెండేళ్ల క్రితమే దీని పని అయిపోయి ఉండవచ్చు. నడుస్తున్న చిప్‌ని ఎవరూ ఆపలేదు కాబట్టి మళ్లీ లేపాల్సిన అవసరం రాలేదు. ఆ రోజు మూడుసార్లు కరెంటు పోయి వచ్చింది, లేపాల్సి వచ్చింది.

ఆ ఒక్క కెపాసిటర్ మారిస్తే ఎస్‌ఎంపీఎస్ పనిచేసింది. అయినా దాన్ని ఆవిడకి తిరిగి ఇవ్వలేదు. దాని పక్కనున్నవన్నీ అదే వేడిలో, అదే ఆరేళ్లు ఉన్నాయి. అప్పటికే సిస్టమ్‌లో కొత్తది వేసి పంపించాను.

అప్పగించిన రోజు ఇలా జరిగింది. అన్నీ బిగించి, కొత్త బ్యాటరీ వేసిన యూపీఎస్‌కి తగిలించి, సిస్టమ్ ఆన్ చేసి ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టాను. లెక్కల సాఫ్ట్‌వేర్ మూసి ఉంది, డేటాకి బయట రెండు కాపీలు ఉన్నాయి. "ఇప్పుడు మీరే గోడ దగ్గర స్విచ్ ఆపండి" అన్నాను. "నేనా సార్?" అని కాసేపు తటపటాయించి, చేయి పెట్టి ఆపారు. యూపీఎస్ కీచుమంది, సిస్టమ్ నడుస్తూనే ఉంది. పది నిమిషాలు చూశాం. తర్వాత షట్‌డౌన్ చేసి, యూపీఎస్‌ని కూడా ఆపేసి, ప్లగ్గు పీకి రెండు గంటలు వదిలేశాం. మళ్లీ పెట్టి బటన్ నొక్కితే ఎఫ్1 అడగలేదు, నీలం తెర రాలేదు. తేదీ, టైము సరిగ్గా ఉన్నాయి. నెలకోసారి ఇదే వరసలో, బ్యాకప్ తీసుకున్నాకే, ఆపి చూడమని ఒక చీటీ రాసి కేసు పక్కన అంటించాను. దాని కింద శాటా మోడ్ ఏహెచ్‌సీఐ అని, సీమోస్ బ్యాటరీ మార్చిన తేదీ, యూపీఎస్ బ్యాటరీ మార్చిన తేదీ కూడా రాశాను.